గంగాళమైన కాఫీ కప్పు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఒక డిసెంబరు మొదటి వారంలో, నన్ను విశాఖపట్నం నుంచి అరకులోయకి పది రోజుల డెప్యుటేషన్ మీద పంపారు. ఆర్డరులో ‘పుష్ప ప్రదర్శనకు సాంకేతిక సహాయం’ అని ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసులో భూమి పటాలకి సాంకేతిక సహాయం చేశాను, ఓటరు ఫొటోలకి చేశాను, బస్టాండు బోర్డులకి చేశాను. పువ్వులకి మాత్రం చేయలేదు. పువ్వులకి కంప్యూటరేమిటండీ, చోద్యం కాకపోతే, అంది మా ఆవిడ పెట్టె సర్దుతూ. నాకూ అలాగే అనిపించింది గాని, డెప్యుటేషన్ ఆర్డరుకి ఎదురు ప్రశ్న వేసే హోదా నాది కాదు. నేను సీనియర్ ప్రోగ్రామరుని. పేరులో సీనియర్ అని ఉంటుంది, అంతే. ప్రింటరులో కాగితం ఇరుక్కుపోయినా పిలిచేది నన్నే.

నా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. కంప్యూటరులో ఏ బొమ్మైనా చిన్న చిన్న గళ్ల కుప్ప. ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. ముగ్గుకి చుక్కలెలాగో బొమ్మకి పిక్సెళ్లు అలాగ. ప్రతి గడికీ ఒక రంగు, ప్రతి రంగుకీ ఒక అంకె. బస్టాండులో వెలిగే బోర్డుకి బొమ్మ చూపిస్తే దానికి అర్థం కాదు. ఏ వరసలో ఎన్నో బల్బు వెలగాలో అక్షరాల్లో రాసివ్వాలి. ఆ రాతకి ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. అందుకని నేనొక ప్రోగ్రాం రాసుకున్నాను. అది బొమ్మని గడి గడిగా చదివి, టెంప్లేటులో ఉన్న ఖాళీల్లో అంకెలు నింపి, వరసలు వరసలుగా రాసిస్తుంది. టెంప్లేటంటే బ్రహ్మవిద్యేమీ కాదు. శుభలేఖ కవరు మీద ‘శ్రీ’ అని అచ్చు వేసి పక్కన గీత వదిలేస్తారు చూడండి, అదే. టెంప్లేటు మారిస్తే అదే బొమ్మ ఇంకో పద్ధతిలో రాతగా బయటికొస్తుంది. ఈ ప్రోగ్రాం గురించి నాకు కాస్త గర్వం ఉండేది. కాస్త కాదు, బాగానే ఉండేది.

అరకులో నన్ను స్టేషనుకొచ్చి తీసుకెళ్లినాయన ఉద్యాన అధికారి ప్రసాదరావుగారు. మనిషి మంచివాడు, కాని ఆదుర్దా ఎక్కువ. దారిలోనే సంగతంతా చెప్పేశారు. ఊరికి ఇవతల ఘాట్ రోడ్డు పక్కన ఒక వాలు నేల ఉంది. అక్కడ ఇరవై మంది ఆదివాసీ ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి కాఫీ మొక్కల నర్సరీ, పూల నర్సరీ నడుపుతున్నారు. నేల ప్రభుత్వానిది. శీతాకాలంలో వచ్చే పర్యాటకుల కార్లకి చోటు చాలడం లేదని, ఆ వాలుని చదును చేసి పార్కింగ్ కట్టాలని పైనుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. ప్రసాదరావుగారు అడ్డుపడి, ఆ వాలు మీద పూలతో పెద్ద బొమ్మ పరిస్తే ఎదురుగా ఉన్న వ్యూపాయింటు నుంచి అందరూ చూస్తారు, నర్సరీయే ఒక ఆకర్షణ అవుతుంది అని రాశారు. శుక్రవారం పదకొండు గంటలకి కమిషనర్ మేడమ్ వచ్చి వ్యూపాయింటులో నిలబడి చూస్తారు. బాగుంటే నేల సంఘానికి ఐదేళ్లు. బాగోకపోతే బుల్డోజరు.

“ఆ ఆడాళ్ల పొట్ట మీ కంప్యూటరులో ఉందండీ” అన్నారాయన జీపు దిగుతూ. రైలు దిగి అరగంట కాకుండానే ఇంత బరువు నెత్తిన పెడితే ఎవరికైనా నీరసమొస్తుంది.

బొమ్మ కాఫీ కప్పు. దాని కింద అక్షరాలుండాలని ప్రసాదరావుగారు, కప్పులోంచి పొగలు రావాలని వారి పైవారు. వాలు మీద పట్టేవి యాభై వరసలు, వరసకి ఎనభై మొక్కలు. అంటే నా లెక్కలో ఎనభై పిక్సెళ్ల వెడల్పు, యాభై పిక్సెళ్ల ఎత్తు. అందులో అక్షరాలు పెడితే చీమల బారులా ఉంటాయని, పూలతో పొగ పెడితే వానపాముల్లా ఉంటుందని చెప్పి రెండూ కొట్టేయించాను. మిగిలింది ఒట్టి కప్పు. చుట్టూ పసుపు బంతి, కప్పుకి తెల్ల చామంతి, పైన కాఫీకి ముదురెరుపు కోడిజుట్టు పువ్వు, కుడివైపు తెల్లటి చెవి. మొక్కలన్నీ పాలిథిన్ సంచుల్లో పూసి సిద్ధంగా ఉన్నాయి. తవ్వి నాటక్కర్లేదు, సంచి తెచ్చి సున్నంతో పెట్టిన చుక్క మీద నిలబెడితే చాలు.

మొదటి ప్రింటు తీసిస్తే ప్రసాదరావుగారు కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. 255, 255, 255 అని పేజీ నిండా ఉంది. “ఇవెవరి ఫోన్ నంబర్లండీ?” అన్నారు. అవి రంగుల అంకెలు. టెంప్లేటు మార్చి అంకెల బదులు పువ్వుల పేర్లు పెట్టాను.

రెండో ప్రింటు పట్టుకుని నర్సరీకి వెళ్లాం. సంఘం నాయకురాలు సొంబరి. యాభై ఏళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, నవ్వకుండా వేళాకోళం చేస్తుంది. ఆవిడకి చదువు రాదు. చదివి చెప్పేది అంగన్‌వాడీలో పనిచేసే దేవమ్మ. దేవమ్మ ‘చామంతి ముప్పై రెండు’ అని చదవగానే సొంబరి చెయ్యి అడ్డం పెట్టింది.

“ముప్పై రెండేటి బాబూ? పుంజీల్లో సెప్పు. సేతికి రెండు సంచులు, రెండు సేతులకి పుంజీ. అలాగైతే మా ఆడోలు తడబడరు.”

పుంజీ అంటే నాలుగు. మా విజయనగరం వైపు కూడా కోడిగుడ్లు, అరటికాయలు పుంజీల్లోనే లెక్కపెడతారు. నాకెందుకు తట్టలేదో! ఆ రాత్రికే టెంప్లేటులో నాలుగు పెట్టి భాగించే ముక్క చేర్చాను. మర్నాడు ప్రింటు ఇలా వచ్చింది: ‘వరస 22: బంతి 6 పుంజీలు, చామంతి 8 పుంజీలు, బంతి పుంజీ మీద 2, చామంతి 3, బంతి 3 పుంజీల మీద 3.’ పుంజీ మీద 2 అంటే ఆరు. దేవమ్మ చదువుతుంటే అందరూ తలూపారు. వాళ్ల పద్ధతిని గౌరవించి, వాళ్ల భాషలో రాసిచ్చానని నేను చాలా మురిసిపోయాను. బొమ్మ చూపించాలన్న ఆలోచన మాత్రం రాలేదు. నా ప్రోగ్రాం గొప్పతనమే అది, చేసేవాడికి బొమ్మతో పనిలేదు. వరస చదివి, చెప్పింది చేస్తే బొమ్మ దానంతటదే తయారవుతుంది. ముప్పై ఏళ్లుగా అదే చెప్పుకుంటున్నాను.

ముందు జాగ్రత్తగా ఒక పరీక్ష కూడా పెట్టాను. నర్సరీ ముంగిట్లో ఇరవైకి ఇరవై గళ్లలో ఒక మట్టికుండ బొమ్మ. దేవమ్మ చదివింది, ఆడవాళ్లు పెట్టారు, కుండ అచ్చు గుద్దినట్టు వచ్చింది. ప్రసాదరావుగారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

బుధవారం పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నాలుగు వేల మొక్కలు వాలు మీదకి ఎక్కాయి. కొండవాలు మీద నిలబడితే చుట్టూ పువ్వులే తప్ప బొమ్మ కనపడదు. చూడాలంటే రోడ్డు చుట్టూ తిరిగి ఎదుటి వ్యూపాయింటుకి వెళ్లాలి. మేము వెళ్లేసరికి మంచు దిగిపోయింది. లోయంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. సరే, పొద్దున్న చూద్దామని గెస్టుహౌసుకి పోయి నిశ్చింతగా పడుకున్నాను.

గురువారం తొమ్మిదింటికి మంచు విడింది. చూస్తే, కప్పుకి రెండు చెవులు.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. కుడిపక్క ఒక చెవి, ఎడమపక్క ఒక చెవి. రెండూ దువ్వెన పళ్లలా సందులు సందులుగా ఉన్నాయి. ప్రసాదరావుగారు నా వెనక నిలబడి నెమ్మదిగా అన్నారు: “ఇది గంగాళమండీ.” నిజమే. పెళ్లిళ్లలో నీళ్లు నింపే రెండు చెవుల గంగాళం. కాఫీ నేలలో కమిషనర్ మేడమ్‌కి గంగాళం చూపించబోతున్నాం.

కారణం కనిపెట్టడానికి నాకు పావుగంట పట్టింది. నా ప్రింటులో ప్రతి వరసా ఎడమ నుంచి కుడికి రాసి ఉంటుంది. వాళ్లు మొదటి వరస ఎడమ నుంచి పెట్టారు. కుడి చివరికి చేరాక, అక్కడి నుంచే వెనక్కి తిరిగి రెండో వరస పెట్టారు. అంటే వరస విడిచి వరస తిరగబడింది. కప్పు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి తిరగబడినా తేడా తెలీలేదు. చెవి ఒక్కటే ఒక పక్క ఉండేది, అది రెండుగా చీలింది. పరీక్షకి పెట్టిన కుండ కూడా రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి నా పరీక్ష దేన్నీ పరీక్షించలేదు. ప్రోగ్రామరులకి ఇంతకన్నా సిగ్గుచేటు లేదు.

సిగ్గుపడాల్సిన చోట నేను కోప్పడ్డాను. దేవమ్మకి ఫోను చేసి, ప్రతి వరసా ఎడమ నుంచే మొదలెట్టాలని ఆ మాత్రం తెలీదా అని కేకలేశాను. అలాగని కాగితంలో లేదు కదా సార్, అంది దేవమ్మ మెత్తగా. వెనక నుంచి సొంబరి గొంతు వినపడింది.

“వరస అయిపోయిన కాడ నుంచే ఇంకో వరస. ఒట్టి సేతుల్తో ఎనక్కెల్లీది ఎవులు? దుక్కి దున్నినోడు నాగలి ఎత్తుకోని ఎనక్కెల్తాడేటి?”

 నేను ఫోను పెట్టేశాను. కొండ మీద పనిచేసేవాడికి ఒట్టి నడక దండగ. ఆ మాట నిజమని ఒప్పుకుని, గెస్టుహౌసుకి పోయి టెంప్లేటులో ఒక షరతు చేర్చాను: సరిసంఖ్య వరసల్ని కుడి నుంచి ఎడమకి రాయి. ఇక వాళ్లు వాళ్ల పద్ధతిలోనే తిరగొచ్చు. చెవి ఉన్న పదహారు వరసలూ కొత్తగా ప్రింటు తీసి, జీపు డ్రైవరు చేత దేవమ్మకి పంపించాను. ఈ కాగితం ప్రకారం ఆ వరసలు మళ్లీ పెట్టమని చెప్పమన్నాను. ఏం మార్చానో చెప్పలేదు. చెబితే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుందని లోపల ఎక్కడో ఉంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, మంచి పని కాదు.

సాయంత్రానికి అయిపోయిందని కబురొచ్చింది. మళ్లీ మంచు. ఈసారి నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఎనిమిదింటికే వ్యూపాయింటులో ఉన్నాను. ఎనిమిదిన్నరకి మంచు తెర లేచింది. గంగాళం. రెండు చెవులు. నిన్నటి పళ్లే, అంగుళం తేడా లేదు.

 ప్రోగ్రాంలో పొరపాటా అని లాప్‌టాప్ తీసి చూశాను. సరిగ్గానే ఉంది. ప్రసాదరావుగారు ఏడుకొండలవాడికి మొక్కుకుంటూ, మధ్యమధ్యలో నాకేసి చూస్తున్నారు. ఆ చూపులో భక్తి లేదు. కొత్త ప్రింటు తీద్దామంటే ఊళ్లో కరెంటు లేదు. పదకొండుకి మేడమ్ వస్తారు.

అప్పుడు సొంబరి తనే వ్యూపాయింటుకి వచ్చింది, ఎవరిదో బండి వెనక కూర్చుని. మేమింకా ఏదో సరిగా లేదంటున్నామని విని, తేల్చుకుందామని వచ్చింది. నిన్న కొత్త కాగితం ప్రకారం పెట్టారా అని అడిగాను. పెట్టామంది. వరసకి వరసకి వెనక్కి తిరిగారా అని అడిగాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

“నువ్వే గదా బాబూ తిట్టినావు. పెద్దోడివి, బాదపడ్డావని, మా ఆడోలందరికీ సెప్పినాను. కాళ్లు నొప్పెట్టినా సరే, పెతీ వరసా ఎడమకొచ్చే మొదలెట్టండని. ఒట్టి సేతుల్తో ఎనక్కి నడిసినాం, నీకోసరం.”

వాళ్లు తిరుగుతారని నేను కాగితం తిప్పాను. నేను తిట్టానని వాళ్లు తిరగడం మానేశారు. రెండు సవరణలూ కలిసి ఒకదాన్నొకటి తినేశాయి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ప్రసాదరావుగారికి ఏడుపు ఒక్కటే వచ్చింది.

సొంబరి వాలుకేసి చూపు తిప్పింది. తను పెట్టిన బొమ్మని తను చూడటం అదే మొదటిసారి. కాసేపు చూసి, తృప్తిగా తలూపింది. “బాగానే ఉంది గదా. ఇంకేటి కావాల? గంగాళం బాగొచ్చిందని రోడ్డంట ఎల్లినోలందరూ మెచ్చుకున్నారు. మీరు తెల్లారీసరికి తగువెందుకెట్టుకున్నారో తెలీక, మేమే ఇదైపోనాం.”

అది గంగాళం కాదమ్మా, కప్పు, అన్నాను. కప్పేటి, అంది. సెల్‌ఫోను తీసి బొమ్మ చూపించాను. వారం రోజుల్లో మొదటిసారి. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని, బొమ్మకేసీ వాలుకేసీ మార్చి మార్చి చూసి, నాకేసి చూసింది. ఈసారి వేళాకోళం లేదు.

“ఇది సూపించడానికి వారం పట్టిందేటి బాబూ? మాకు అంకెలు సదివించినారు గాని బొమ్మ సూపించినారా?”

నేను తలవంచుకున్నాను. ఆవిడ ఆగలేదు. దేవమ్మకి ఫోను కలిపి, వ్యూపాయింటు అంచున నిలబడి, వాలు మీదున్న ఇరవై మందినీ నడిపించింది. ఎక్కువగా తన భాషలోనే మాట్లాడింది గాని, నాకు తెలిసిన ముక్క ఒకటుంది: “ఎడమ సెవి కోసీయండి, కుడి సెవికి అతికీయండి. బేగి!” ఎడమ చెవిలోని ఒక్కో పన్నుని తెచ్చి, అదే వరసలో కుడి చెవి సందులో పెట్టి, అక్కడున్న బంతిని ఎడమకి పంపడం, అంతే. మార్చాల్సింది ఎనిమిది వరసలే. నేను నాలుగు వేల మొక్కల కోసం గుండెలు బాదుకుంటున్నాను. చివర్లో చెవి మరీ సన్నగా ఉందని, ఇలాంటి కప్పు ఎత్తితే చెవి ఊడుతుందని, తనే అంచు చుట్టూ ఇంకో వరస చామంతి పెట్టించింది. నా పిక్సెళ్లలో అది లేదు. పెట్టాక కప్పు మరింత కప్పులా కనపడింది. మొత్తం గంట పట్టింది.

పదకొండుంబావుకి కమిషనర్ మేడమ్ వచ్చారు. నిమిషం పాటు చూశారు. పెద్ద హోదా వాళ్లకి నిమిషం చాలా ఎక్కువ. చాలా బాగుంది, ఎవరు చేశారు, అని అడిగారు. ప్రసాదరావుగారు పాపం నాకు మేలు చేద్దామని, ఈ మూర్తిగారి కంప్యూటరు ప్రోగ్రాం మేడమ్, బొమ్మ ఇస్తే చాలు, ఎక్కడ ఏ పువ్వు పెట్టాలో ప్రింటు వచ్చేస్తుంది, అన్నారు. మేడమ్ నాకేసి మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు నాకు తియ్యగానే ఉంది. రిటైరయ్యేలోగా ఒక ప్రశంసాపత్రం రాకపోతుందా అనుకుంటున్న మనిషిని.

“అయితే ప్రింటుంటే ఎవరైనా పెట్టేయొచ్చన్నమాట. వచ్చే ఏడాది టెండరు పిలిస్తే సరిపోతుంది” అన్నారావిడ.

ప్రసాదరావుగారి మొహం పాలిపోయింది. సొంబరికి ఆఫీసు తెలుగు సగమే అర్థమవుతుందేమో గాని, టెండరన్న మాట బాగా తెలుసు. టెండరంటే కింద మైదానం నుంచి లారీలో వచ్చే కాంట్రాక్టరు. ఆవిడ నాకేసి చూసింది.

నేను వెంటనే మాట్లాడానని రాస్తే బాగుంటుంది గాని, అబద్ధమవుతుంది. ముందు ఆ ప్రశంసాపత్రానికి మనసులోనే నీళ్లు వదులుకున్నాను. తర్వాత ఫోను తీసి, అక్కణ్ణుంచే గురువారం తీసుకున్న ఫొటో, ఆ పొద్దున తీసుకున్న ఫొటో మేడమ్‌కి చూపించాను. నా ప్రింటుతో వచ్చింది రెండుసార్లూ ఇదే మేడమ్, ఎదురుగా ఉన్నది ఈవిడ ఇక్కడ నిలబడి కళ్లతో చూసి చేయించింది, అని చెప్పాను. మేడమ్ రెండు ఫొటోలూ చూసి, పెద్దగా నవ్వి, ఇది గంగాళం కదండీ, అన్నారు. ప్రసాదరావుగారు, తను ముందే చెప్పానని గుర్తు చేశారు.

ఎంతసేపు పట్టిందని మేడమ్ సొంబరిని అడిగారు. ఓ గంట, అంది సొంబరి. ముందే బొమ్మ చూపించుంటే ఈ రెండు రోజుల తిప్పలు ఉండేవి కావని కూడా చెప్పింది. ఎందుకు చూపించలేదని మేడమ్ నన్నడిగారు. అవసరం లేదనుకున్నానండీ, అన్నాను. అంతకన్నా మంచి జవాబు ఇప్పటికీ దొరకలేదు.

ఆ మధ్యాహ్నం గెస్టుహౌసులో మేడమ్ ఫైలు మీద ఉత్తర్వు రాశారు. వాలు నేల ఐదేళ్లపాటు సంఘానికే ఉండవలెను, పార్కింగు ప్రతిపాదన వేరే స్థలానికి మార్చవలెను. కింద మూడో అంశం: ‘ప్రోగ్రామరు ఇకమీదట ప్రింటుతో పాటు బొమ్మ కూడా పనిచేయువారికి ఇవ్వవలెను.’ దాని నకలు నా సర్వీసు రిజిస్టరులో చేరింది. ప్రశంసాపత్రం మాత్రం రాలేదు.

ఈ వృత్తిలోకి వచ్చే కుర్రకారు అడుగుతారని రాస్తున్నాను. బొమ్మని రాతగా మార్చడం కష్టమేమీ కాదు. ఆ రాత చదివే మనిషి ఏ వైపు నుంచి నడుచుకుంటూ వస్తాడో తెలుసుకోవడం కష్టం. దానికి ముందు అడగాలి. ఏదైనా మారిస్తే మార్చానని చెప్పాలి. బోర్డుకి బొమ్మ చూపించినా లాభం లేదు, దానికి కళ్లు లేవు. నేను ముప్పై ఏళ్లు బోర్డులతో పనిచేసి, కళ్లున్న ఇరవై మందికి కూడా అలాగే రాసిచ్చాను.